అభ్యర్థన చేతులు మారునప్పుడు భాష నిలుచునా? బస్తరు వాణీవేదిక నిదర్శనముగా ఒక పరిశీలనము

1. విషయప్రవేశము

విన్నపము చేయువాని నోటికిని, దానిని తీర్పవలసినవాని చెవికిని నడుమ నుండు దూరము రెండు విధములు. ఒకటి నేలపై కొలువదగిన దూరము. రెండవది భాషల నడుమ నుండు దూరము. టెలిఫోను, ఇంటర్నెట్టు మొదటి దూరమును చాలవఱకు తగ్గించినవి. రెండవదానిని అవి తగ్గించినవా, లేక కంటికి కానరాని చోట దాచినవా అనునది విచారింపదగిన ప్రశ్న.

ఒక అభ్యర్థన వెబ్ అప్లికేషను లోపల ఒక హ్యాండ్లరు చేతినుండి మఱియొక హ్యాండ్లరు చేతికి పోవు క్రమము కేవలము యంత్రవిద్యకు చెందినదని భాషాశాస్త్రజ్ఞులు సాధారణముగా తలంతురు. కాని ఆ చేతులు మారు చోటనే వక్తయొక్క భాష నిలుచుటయో, జారిపోవుటయో నిర్ణయమగుచున్నది. అందుచే ఆ క్రమమును భాషావిషయముగా పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దిష్టము. దీనికి నిదర్శనముగా 2010 ఫిబ్రవరిలో మధ్యభారత గిరిజన ప్రాంతముల కొఱకు ఆరంభింపబడిన సీజీనెట్ స్వర అను వాణీవేదిక గ్రహింపబడినది. ఆ వేదిక సేవించిన ప్రాంతములలో భాషావైవిధ్యము మిక్కిలి దట్టముగా నున్నది బస్తరు.

2. బస్తరు భాషాస్థితి

బస్తరు, కాంకేరు సంస్థానములు 1948లో విలీనమై ఒకే జిల్లాగా రూపొందినవి. ఆ జిల్లా 1998లో బస్తరు, కాంకేరు, దంతెవాడ అను మూడు జిల్లాలుగా విభజింపబడినది. 2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము అవతరించిన పిదప, 2007లో నారాయణపూరు, బీజాపూరు జిల్లాలును, 2012లో కొండాగావ్, సుక్మా జిల్లాలును ఏర్పడుటచే బస్తరు డివిజనులోని జిల్లాలు 7 అయినవి. ఈ విభజనములన్నియు కచేరిని పల్లెకు దగ్గర చేయుటకు ఉద్దేశింపబడినవి. కాని కచేరి భాష మాత్రము హిందీయే.

పల్లెల భాషలు వేరు. మారియా, మురియా మొదలగు గోండి భేదములు ఇచ్చట విరివిగా వినవచ్చును. దక్షిణమున కోంటా, బీజాపూరు వైపు దోర్లలు మాటలాడు దోర్లి కోయకు సన్నిహితమైనది. తెలుగుతో దానికి నిత్యసంపర్కము కలదు. ధుర్వాలు పర్జీ మాటలాడుదురు. ఈ భాషను గూర్చి బరో, భట్టాచార్యల గ్రంథము 1953లో వెలువడినది. హల్బీ, భత్రీ ఇండో ఆర్య కుటుంబమునకు చెందినవి. వానిలో హల్బీ బస్తరు సంతలలో పలు తెగలవారు పరస్పరము వ్యవహరించు ఉమ్మడి భాష.

భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణమున గోండి, తెలుగు, కువి, కొండ మొదలగు భాషలతో గూడ దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందును. పర్జీ కొలామీ, గదబలతో మధ్య ద్రావిడ శాఖకు చెందును. కాబట్టి ఒక్క బస్తరులోనే రెండు భాషాకుటుంబములు, అందొక కుటుంబమున రెండు శాఖలు ఒకే సంతలో ఎదురుపడుచున్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున గోండి మాతృభాషగా గలవారు సుమారు 29.8 లక్షలు. ఐనను ఆ భాష రాజ్యాంగముయొక్క ఎనిమిదవ షెడ్యూలులో చేరలేదు. ఇంతమంది మాటలాడు భాషలో ఒక అర్జీ చెప్పుకొనినచో అది ఎంతదూరము గోండిగానే పోగలదు? వ్యాసమునకు మూలమైన ప్రశ్న ఇదియే.

3. అభ్యర్థన, హ్యాండ్లరు

సమాధానమునకు ముందు వెబ్ అప్లికేషను నిర్మాణమును కొంత తెలిసికొనవలెను. బ్రౌజరు సర్వరునకు పంపు ప్రతి సందేశమును సాంకేతికులు రిక్వెస్టు అందురు. దానినే ఇచ్చట అభ్యర్థన అని వ్యవహరించుట జరిగినది. దానికి నాలుగు అంగములు. మొదటిది పద్ధతి: సమాచారము చూపుమని కోరునప్పుడు గెట్, సమాచారము సమర్పించునప్పుడు పోస్ట్. రెండవది చిరునామా. మూడవది హెడరులు, అనగా అభ్యర్థనను గూర్చిన వివరములు తెలుపు పంక్తులు. నాల్గవది దేహము: అర్జీలోని అసలు విషయము ఇందుండును.

సర్వరు చేరిన అభ్యర్థనను స్వీకరించి పని నెఱవేర్చు ప్రోగ్రాము భాగము హ్యాండ్లరు. ఒక అప్లికేషనులో పెక్కు హ్యాండ్లరులుండును. పద్ధతిని, చిరునామాను చూచి ఏది ఎవరి పనియో నిర్ణయించు భాగము రౌటరు. రౌటరునకు ముందో వెనుకో మఱికొన్ని హ్యాండ్లరులు వరుసగా నిలిచియుండును: ఒకటి పంపినవారెవరో పరీక్షించును, ఒకటి వచ్చిన వేళను నమోదు చేయును, ఒకటి జవాబు ఏ భాషలో ఈయవలెనో నిర్ణయించును. వరుసలోని ప్రతి హ్యాండ్లరునకు మూడు స్వేచ్ఛలు కలవు. అది తానే జవాబు చెప్పవచ్చును. అభ్యర్థనను ముందుకు పంపవచ్చును. పంపుటకు ముందు దానికి ఒక వివరమును జోడింపవచ్చును. కచేరిలో గుమాస్తా దస్త్రమునకు ఒక చీటి గ్రుచ్చి పై అధికారి బల్లకు పంపుట వంటిది ఈ మూడవది.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. అనేక వ్యవస్థలలో అభ్యర్థన దేహము ప్రవాహరూపమున వచ్చును. దానిని ఒక్కసారి మాత్రమే చదువ వీలగును. మొదటి హ్యాండ్లరు దానిని చదివి, ప్రతిని భద్రపఱుపక ముందుకు పంపినచో, రెండవ హ్యాండ్లరునకు దక్కునది ఖాళీ దేహము. ప్రోగ్రాములు వ్రాయువారు నేర్చుకొను తొలిపాఠములలో ఇది యొకటి. ముందువాడు గ్రహించిన సారాంశము చేరును; అర్జీ చేరదు. సారాంశమున తప్పు దొరలినచో దానిని సరిచూచుకొనుటకు వెనుకవానికి ఆధారముండదు.

4. ముందుకు పంపుట, మరల పొమ్మనుట

ఒక హ్యాండ్లరు తనది కాని పనిని మఱియొకదానికి అప్పగించుటకు రెండు ముఖ్యపద్ధతులు కలవు.

మొదటిది ఫార్వర్డు. ఇందు అప్పగింత సర్వరు లోపలనే జరుగును. అభ్యర్థన, దాని దేహము, దానికి గ్రుచ్చిన చీటీలు అన్నియు కలిసి రెండవ హ్యాండ్లరు చేతికి పోవును. పంపినవానికి ఈ మార్పు కానరాదు. బ్రౌజరులోని చిరునామా మారదు. జావా భాషలోని సర్వ్‌లెట్ వ్యవస్థలో, అభ్యర్థన మొదట ఏ చిరునామాకు వచ్చినదో ఆ వివరము కూడ ప్రత్యేకముగా నిలుపబడును. చివరి హ్యాండ్లరు మొదటి గుమ్మము నెఱుగవలెనను వివేకము ఇందు కలదు.

రెండవది రీడైరెక్టు. ఇందు హ్యాండ్లరు పని చేయదు, పనిని లోపల అప్పగింపదు. “ఇది ఇచ్చట కాదు, ఫలాని చోటికి పొమ్ము” అని క్రొత్త చిరునామా ఇచ్చి పంపినవానికే జవాబు చెప్పును. బ్రౌజరు ఆ చిరునామాకు క్రొత్త అభ్యర్థన చేయును. మొదటి అభ్యర్థనకు గ్రుచ్చిన చీటీలు అంతటితో రాలిపోవును.

రీడైరెక్టులో కూడ భేదములు కలవు. 302 అను సంఖ్యతో జవాబు వచ్చినపుడు, చారిత్రక కారణములచే, బ్రౌజరులు పోస్టును గెట్టుగా మార్చుట వాడుకయైనది. అప్పుడు దేహము కూడ పోవును. 303 అను సంఖ్య ఈ మార్పునే స్పష్టముగా విధించును. 307 అను సంఖ్య వచ్చినచో పద్ధతి మార్పరాదు. దేహమును యథాతథముగా క్రొత్త చోట సమర్పింపవలెను. 2022లో వెలువడిన హెచ్.టి.టి.పి. ప్రమాణపత్రము ఈ భేదములను నిర్దేశించినది. 302, 307 రెండును మానవుల కచేరీలలో సుపరిచితములే. “ఆ కిటికీ కడకు పొమ్ము” అని అర్జీదారుని వట్టి చేతులతో పంపుట 302 వంటిది. “ఈ అర్జీనే తీసికొని ఆ కిటికీ కడకు పొమ్ము” అనుట 307 వంటిది. రెండు సందర్భములలోను నడక అర్జీదారునిదే. కాని మొదటిదానిలో అతడు తన కథను మరల మొదటినుండి చెప్పుకొనవలెను.

రీడైరెక్టు దోషమని భావింపరాదు. అర్జీ సమర్పించిన వెంటనే 303 ద్వారా వేఱొక పుటకు పంపుట మంచి పద్ధతిగా నెన్నబడినది. అట్లు చేసినచో పుటను మరల తెఱచినంత మాత్రమున అర్జీ రెండుసారులు దాఖలు కాదు. దోషము సాధనములో లేదు. ఏమి వెంట పోవలెనో ఎంచక అప్పగించుటలో నున్నది.

మఱియొక సంఖ్య కూడ ఇచ్చట స్మరింపదగును. 202 అనగా “అందినది, పని ఇంకను పూర్తి కాలేదు” అని అర్థము. అది రసీదు, పరిష్కారము కాదు. రసీదును పరిష్కారముగా లెక్కించు కచేరి ఎన్నటికిని వెనుకబడి యున్నట్లు కనబడదు.

5. వాణీవేదికయందు అభ్యర్థన ప్రయాణము

సీజీనెట్ స్వర స్థాపకుడు శుభ్రాంశు చౌధురి. పూర్వము బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు. మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ ఇండియా పరిశోధకుడు విలియం థీస్ మొదలగువారు సాంకేతిక సహకారము నొసగిరి. దీనిని గూర్చి ప్రీతి ముద్లియార్, జొనాథన్ డానర్, విలియం థీస్ వ్రాసిన పరిశోధనపత్రము 2012లో వెలువడినది. 2014లో ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ డిజిటల్ ఉద్యమ పురస్కారము శుభ్రాంశు చౌధురికి లభించినది.

వేదిక నిర్మాణము నిరాడంబరమైనది. పల్లెవాసి సాధారణ ఫోనునుండి ఒక నంబరునకు పిలుచును. తరువాతి సంవత్సరములలో మిస్డ్ కాల్ ఇచ్చినచో యంత్రమే తిరిగి పిలుచు ఏర్పాటు జరిగినది. అందుచే ఖర్చు పల్లెవానిపై పడలేదు. సందేశము చెప్పదలచినవారు 1 అంకెను, విన దలచినవారు 2 అంకెను నొక్కవలెను. ఈ అంకె నొక్కుటయే రౌటింగు. 1 నొక్కగనే పిలుపు ధ్వనిముద్రణ హ్యాండ్లరు చేతికి పోవును. 2 నొక్కగనే వినిపించు హ్యాండ్లరు చేతికి పోవును. అక్షరము రానివానికి అంకెయే చిరునామా.

ముద్రితమైన ధ్వని అంతట మానవ హ్యాండ్లరు చేతికి వచ్చును. పరిశీలకులు వెబ్ పుటద్వారా దానిని విని, సరిచూచి, శీర్షికయు సంగ్రహమును వ్రాసి ప్రకటించిరి. ప్రకటితమైన సందేశము ఫోనులోను, వెబ్ పుటలోను వినవచ్చినది. సమస్యను తెలుపు సందేశము చివర సంబంధించిన అధికారి ఫోను నంబరు చెప్పుట వాడుక. విన్నవారు ఆ అధికారికి పిలిచి, సమస్యను గుర్తుచేయుదురు. సమస్య తీరిన పిదప మొదటి వక్తయో, అతని పల్లెవారో మరల వేదికకు పిలిచి ఆ సంగతి ముద్రింతురు. వేదికవారు అట్టివానిని ఇంపాక్టు సందేశము లనిరి.

పైన వివరించిన పరిభాషలో ఈ క్రమమును పరికింపవలెను. యంత్రము చేతినుండి పరిశీలకుని చేతికి జరిగిన అప్పగింత ఉత్తమమైన ఫార్వర్డు. ఏలయన ధ్వని చెడలేదు. వక్త గొంతు, శ్వాస, తడబాటు, భాష అన్నియు వెంట పోయినవి. పరిశీలకుడు సంగ్రహము వ్రాసినను, సంగ్రహము ధ్వనికి గ్రుచ్చిన చీటియే కాని ధ్వనికి మారుపడు పత్రము కాదు. సందేహించువారు మూలమును వినవచ్చును. వేదిక నిర్మాణమున దీని కన్న విలువైన గుణము లేదు.

పరిశీలకుని చేతినుండి అధికారి చేతికి జరుగు అప్పగింత వేఱు విధమైనది. అధికారి వినునది గోండి వక్తను కాదు. సంగ్రహమును చదివియో, సందేశమును వినియో హిందీలో పిలిచిన మఱియొక పౌరుని వినును. దేహము ఇచ్చట భాష మారినది. ఈ మార్పు అనివార్యమే. అధికారికి గోండి రానిచో అనువాదము లేక పని జరుగదు. కాని అనువాదము జరిగినదను చీటి గ్రుచ్చనిచో, చివరి హ్యాండ్లరు తాను విన్నదే మూలమని నమ్మును.

6. భాషాచిహ్నము ఏమి చెప్పును, ఏమి చెప్పదు

వెబ్ ప్రమాణములు భాషను విస్మరింపలేదు. ఆక్సెప్ట్ లాంగ్వేజ్ అను హెడరు పంపినవాడు కోరు జవాబు భాషలను వరుసక్రమమున తెలుపును: మొదట తెలుగు, అది లేనిచో హిందీ, అదియు లేనిచో ఇంగ్లీషు అని చెప్పవచ్చును. కంటెంట్ లాంగ్వేజ్ అను హెడరు పత్రము ఏ భాషవారికి ఉద్దేశింపబడినదో తెలుపును. ఈ రెంటియందును ఒక లోపమున్నది. మొదటిది కోరిన జవాబు భాష. రెండవది ఉద్దిష్ట పాఠకుని భాష. వక్త ఏ భాషలో చెప్పెనను సంగతి ఈ రెంటిలో దేనివలనను నిశ్చయముగా తెలియదు. అది అభ్యర్థనతో పోవు రికార్డులో విడిగా వ్రాయవలసిన వివరము.

అదియు గాక మొదటి హెడరును సాధారణముగా నింపునది బ్రౌజరు. అది ఫోనులోని మెనూ భాషను బట్టి నింపును. ఫోను హిందీ మెనూతో అమ్మబడినచో, గోండివాడు పంపిన అభ్యర్థన కూడ హిందీవాని అభ్యర్థనగా సర్వరును చేరును. కావున ఆ హెడరు ఫోను మెనూకు సాక్ష్యమే కాని వక్త నాలుకకు సాక్ష్యము కాదు. ఇక ఫోను పిలుపునకు ఈ హెడరే లేదు. అడిగి తెలిసికొననిచో వక్త భాష యంత్రమునకు తెలియు మార్గము లేదు.

భాషకు పెట్టు చిహ్నములలో మఱియొక చిక్కు కలదు. తెలుగునకు టి-ఇ అను రెండక్షరముల చిహ్నము గలదు. గోండికి అట్టిది లేదు. జి-ఓ-ఎన్ అను మూడక్షరముల చిహ్నము గలదు. అది యొక స్థూలభాషా చిహ్నము. దండామి మారియాకు డి-ఎ-క్యూ, కోయకు కె-ఎఫ్-ఎఫ్, హల్బీకి హెచ్-ఎల్-బి, ధుర్వాల పర్జీకి పి-సి-ఐ అని వేరు చిహ్నములు కలవు. కావున బస్తరులోని ఒక్క సంతలో వినబడు మాటకు ఏ చిహ్నము పెట్టవలెనో నిర్ణయించుట ప్రోగ్రాము వ్రాయువాని పని కాదు. అది మాండలికశాస్త్రము నెఱిగినవాని పని.

లిపి మాట చేరినచో చిహ్నము ఇంకను పెరుగును. గోండి దేవనాగరిలోను, తెలుగు లిపిలోను వ్రాయబడుచున్నది. వీనికి తోడు మసరాం గోండి లిపి 2017లోను, ఆదిలాబాదు ప్రాంతపు గుంజాల గ్రామము పేరిట ప్రసిద్ధమైన గుంజాల గోండి లిపి 2018లోను యూనికోడు ప్రమాణమున చేరినవి. చిహ్నమున భాష తరువాత లిపి పేరు చేర్చి ఈ భేదమును చూపవచ్చును.

కోరిన భాష సర్వరులో లేనప్పుడు ఏమి జరుగును? 2006లో వెలువడిన ప్రమాణపత్రమున లుకప్ అను పద్ధతి నిర్దిష్టమైనది. చిహ్నముయొక్క తోకను ఒక్కొక్క ఖండముగా తెంచుచు వెదకవలెను. తెలుగు లిపిలోని గోండి లేనిచో, లిపి పేరు తెంచి వట్టి గోండికై వెదకును. వరుసలోని కోరిక లన్నియు అట్లు ముగిసినచో, సర్వరు యజమాని ముందుగా నిర్ణయించిన భాషకు పోవును. ఆ భాష సాధారణముగా హిందీయో ఇంగ్లీషో. బస్తరు గోండునకు సంతలో పరిచితమైన రెండవ భాష హల్బీ యని గాని, కోంటా దోర్లకు తెలుగు చెవి గలదని గాని ఈ పద్ధతికి తెలియదు. అది అక్షరములను తెంచును. బంధుత్వములను, సంపర్కములను ఎఱుగదు.

ఈ దోషము పర్యవసానమును ఒక కల్పిత సన్నివేశమున చూడవచ్చును. ఒక గోండి వక్త వేదికకు పిలిచి “ఏర్ హిల్లే” యని చెప్పెననుకొనవలెను. గోండిలో ఏర్ అనగా నీరు. హిల్లే అనగా లేదు. దీనిని తెలుగు తెలిసిన హ్యాండ్లరు విన్నచో, ఏర్ అను మాట ఏరుగా, అనగా సెలయేరుగా తోచును. అతడు దానిని సాగునీటి శాఖకు పంపును. త్రాగునీటి చేతిపంపులను చూచు ప్రజారోగ్య ఇంజనీరింగు శాఖకు ఆ అర్జీ చేరదు. హిందీ మాత్రమే వచ్చిన హ్యాండ్లరు విన్నచో ఆ మాటయే పట్టుబడదు. సోదరభాష తెలిసినవాడు పొరపడెను. పరభాష తెలిసినవాడు వినలేకపోయెను. మొదటివాని పొరపాటు మఱింత ప్రమాదకరము, ఏలయన అతడు తాను గ్రహించితినని నమ్మును.

అంతకన్న సూక్ష్మమైన ప్రమాదము మఱియొకటి కలదు. రేషను, పెన్షను, స్కూలు, హ్యాండ్‌పంపు వంటి నామములు బస్తరు భాషలన్నింట ఎరువుగా చేరినవి. భాషాసంపర్కమున నామములు తేలికగా దాటును. క్రియలు, వ్యతిరేకార్థక రూపములు అంత తేలికగా దాటవు. కనుక గోండి రాని హ్యాండ్లరు, మానవుడైనను యంత్రమైనను, ఒక గోండి సందేశమున రేషను అను మాటను చక్కగా పట్టుకొనును. దాని వెనుక నున్న క్రియ వచ్చెనని చెప్పెనో, రాలేదని చెప్పెనో అది పట్టుకొనదు. వాణీవేదికకు ఒకే విషయముపై రెండు విధముల సందేశములు వచ్చినవని ముందే చెప్పబడినది: సమస్యను తెలుపునవి, సమస్య తీరినదని తెలుపు ఇంపాక్టు సందేశములు. ఈ రెంటియందును నామములు ఒక్కటే. భేదమంతయు క్రియలోను, హిల్లే వంటి చిన్న మాటలోను ఉన్నది. ఆ చిన్నమాట జారిపోయినచో ఆకలిని గూర్చిన అర్జీ కృతజ్ఞతల దస్త్రమున చేరును.

7. భాషాశాస్త్రజ్ఞులు చేయదగినది

కావున ఏ వ్యవస్థయందైనను అభ్యర్థన చేతులు మారునప్పుడు నాలుగు వస్తువులు దాని వెంట పోవలెనని చెప్పవచ్చును.

మొదటిది మూలదేహము. అనువాదము, సంగ్రహము ఎంత చక్కగా నున్నను అవి చీటీలే. మూలధ్వనియు, మూలపాఠమును కడవఱకు నిలువవలెను. రెండవది వక్త చెప్పిన భాషయొక్క చిహ్నము. అది ఫోను మెనూనుండి ఊహింపబడరాదు, అడిగి వ్రాయవలెను. మూడవది మార్గవివరము. హెచ్.టి.టి.పి. ప్రమాణమున వయా అను హెడరు కలదు. నడుమ నిలిచిన ప్రతి మధ్యవర్తి సర్వరు తన పేరు అందు చేర్చును. అట్లే ఎచ్చట, ఏ భాషనుండి ఏ భాషకు అనువాదము జరిగెనో, అది మానవుడు చేసెనో యంత్రము చేసెనో వ్రాయవలెను. నాల్గవది తిరుగు చిరునామా. పరిష్కారము వక్తకు, అతని భాషలో తెలియవలెను. లేనిచో రసీదే పరిష్కారముగా చలామణి యగును.

వీనితోపాటు ఒక హద్దు కూడ అవసరము. రీడైరెక్టులు ఒకదానిపై నొకటి చేరి వలయముగా తిరుగుచుండిన యెడల క్రోము, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజరులు సుమారు 20 పర్యాయముల తరువాత ప్రయత్నము మాని, దోషమున్నదని తెలుపును. యంత్రమునకు ఓపికకు హద్దు విధింపబడినది. అర్జీదారుని నడకకు అట్టి హద్దును ఎవరును విధింపలేదు.

ఇందు భాషాశాస్త్రజ్ఞుల పాలు చిన్నది కాదు. గోండి, హల్బీ, పర్జీ, దోర్లి భాషలలో వ్యతిరేకార్థక క్రియారూపముల పట్టికలు, ధ్వని ఒకటిగా నుండి అర్థము భేదించు ఏర్ వంటి పదముల పట్టికలు, ఏ తాలూకాలో ఏ భాష రెండవ భాషగా చెల్లునో తెలుపు పటములు సిద్ధపడవలెను. ఇవన్నియు పూర్వము నిఘంటువులకు, వ్యాకరణములకు సామగ్రిగా సేకరింపబడినవే. ఇప్పుడు అవి అర్జీ సరియైన బల్లకు చేరుటకు కూడ సామగ్రి అగుచున్నవి. లుకప్ పద్ధతి అక్షరములను తెంచు చోట, భాషాపటము నెఱిగిన హ్యాండ్లరు హల్బీని గాని తెలుగును గాని సూచింపగలదు. తెలుగు విద్వాంసులకు ఇందు విశేషమైన బాధ్యత కలదు. సోదరభాషను గ్రహించితినను భ్రమ వారికే ఎక్కువ కలుగు నవకాశమున్నది. ఆ భ్రమను తొలగించు పరికరములు కూడ వారియొద్దనే యున్నవి.

8. ఉపసంహారము

పై చర్చవలన తేలిన సారమిది. అభ్యర్థనను చేతులు మార్చుట వెబ్ వ్యవస్థకు సహజము. ఒక్క హ్యాండ్లరు అన్ని పనులు చేయజాలదు. మార్పు జరుగునప్పుడు దేహము, చీటీలు వెంట పోవునో రాలిపోవునో ముందుగా నిర్ణయింపవలెను. వక్త భాష ఆ చీటీలలో మొదటిదిగా నుండవలెను. బస్తరు వాణీవేదిక అక్షరము రానివాని గొంతును చెడకుండ నిలిపి, చేతులు మారినను మూలము నిలువవచ్చునని నిరూపించినది. ఆ గొంతు అధికారి భాషలోనికి మారు చోట మాత్రము, ఆ మార్పును చూపు చీటి లేక కొఱత మిగిలినది.

ఆ కొఱతను తీర్చుటకు సర్వరుల వేగము పెంచిన చాలదు. “హిల్లే” అను రెండక్షరముల మాటను విని, అది లేదు అను మాట యని గుర్తించి, అట్లే వ్రాసి ముందుకు పంపు చేయి ఒకటి ఆ వరుసలో నుండవలెను.